నాలుగు నెలల బాలింత

(ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఒక అక్క మా మహిళా సంఘం సమావేశంలో మాట్లాడిన మాటలివి. రికార్డు విని రాసుకున్నాం. ఆమె మాట తీరు మార్చలేదు.)

ముందు ఆ వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయికి ఎవరన్నా కుర్చీ ఇవ్వండమ్మా. చంకలో పిల్లాణ్ణి వేసుకుని ఎంతసేపని నిలబడుతుంది? ఆఁ, కూర్చో తల్లీ. గోడకి ఆనుకుని కూర్చో. పిల్లాడు ఏడిస్తే ఏడవనీ, నాకేం అడ్డం కాదు. ముప్పై రెండేళ్లు లేబర్ వార్డులో పనిచేసినదాన్ని. పిల్లల ఏడుపు వినపడకపోతేనే నాకు భయం.

సంఘం వాళ్లు వచ్చి, "అక్కా, పోరాటంలో పోయిన ఒక ఆడమనిషి గురించి నువ్వు మాట్లాడాలి" అన్నారు. చాకలి ఐలమ్మ గురించో, మన నెల్లూరు వైపు సారా ఉద్యమం నడిపిన దూబగుంట రోశమ్మ గురించో చెబుతాననుకుని వచ్చి ఉంటారు మీరు. వాళ్ల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను చెప్పబోయే పిల్ల పేరు ఎరికా గార్నర్. అమెరికా పిల్ల, నల్లజాతి పిల్ల. 2017 డిసెంబర్ 30న చనిపోయింది. అప్పటికి 27 ఏళ్లు. ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దది ఆడపిల్ల, ఎనిమిదేళ్లది. చిన్నవాడికి నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలలన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

అప్పుడు నేను న్యూజెర్సీలో ఉన్నాను. ఎందుకు వెళ్లానో మీకు చెప్పక్కర్లేదు కదా, అమెరికాకి మన అమ్మలు వెళ్లేది దేనికి? కూతురి పురుడు పొయ్యడానికి. (నవ్వులు) ఆరు నెలల వీసా, రెండు పెట్టెలు. ఒక పెట్టెనిండా కాయం పొడి, శొంఠి, వాము, వెల్లుల్లి కారం, పాత చీరలు చింపిన గుడ్డలు. ఆ కాయం పొడి డబ్బా చూసి ఎయిర్‌పోర్టులో ఇదేంటని అడిగాడు. "బాలింత మందు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. నాకొచ్చిన నర్సింగు ఇంగ్లీషులో చెప్పబోయాను. కాన్పు తర్వాత దశకి పేరుంది గానీ, కాన్పయిన మనిషికి, ఆ మనిషి పేరుగా, ఒక్క మాట దొరకలేదు నాకు. మనకి చూలింత వేరు, బాలింత వేరు. పచ్చి బాలింత అని ఇంకా వేరు. ఆ మాట అనగానే ఇంట్లో వాళ్లు గొంతు తగ్గిస్తారు, తలుపు వేస్తారు, వేణ్ణీళ్లు పెడతారు. మాటలోనే కాపలా ఉంది.

మా మనవడు ఆగస్టు చివర్లో పుట్టాడు. డిసెంబరు చివరికి నాలుగు నెలలు. బయట మంచు, గడ్డకట్టే చలి. పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చున్నాను, టీవీలో ఆ పిల్ల ఫొటో వేశారు. మా అమ్మాయి వచ్చి చెప్పింది: "అమ్మా, ఈమె వాళ్ల నాన్నని పోలీసులు మెడ పట్టి చంపేశారే, ఊపిరాడటం లేదు అన్నాడే, ఆయన కూతురు." తర్వాత "చిన్న బాబున్నాడంట, ఆగస్టులోనే పుట్టాడంట" అంది. నా ఒళ్లో వాడి ఈడే.

నాన్న సంగతి కాస్త చెబుతాను. ఎరిక్ గార్నర్. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. మా అమ్మాయి వాళ్లుండే ఊరికి ముప్పావుగంట దూరం, మధ్యలో ఒక వంతెన. అక్కడ బే స్ట్రీట్‌లో, 2014 జూలై 17న, విడి సిగరెట్లు అమ్ముతున్నాడని పోలీసులు చుట్టుముట్టారు. విడి సిగరెట్లు! మన ఊళ్లో ప్రతి బడ్డీకొట్టులో అమ్మేవి. ఒకాయన వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. అలా మెడ బిగించడం న్యూయార్క్ పోలీసు నిబంధనల్లో 1993 నుంచే నిషేధం. కింద పడేసి, బోర్లా అదిమారు. ఊపిరాడటం లేదు అన్నాడాయన. పదకొండుసార్లు అన్నాడు. ఎన్నిసార్లో ఎలా తెలుసంటే, ఆయన స్నేహితుడొకడు ఫోన్లో వీడియో తీశాడు, జనం కూర్చుని లెక్కపెట్టారు. 43 ఏళ్లు. ఆయనకి ఉబ్బసం కూడా ఉంది. మెడనీ రొమ్మునీ అదమడం వల్ల చావు, ఇది మనిషి చేతిలో జరిగిన చావు అని ప్రభుత్వ డాక్టరే రాసింది.

అయినా ఆ ఏడాది డిసెంబర్ 3న గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, ఆ పోలీసు మీద కేసు అక్కర్లేదంది.

అప్పటికి ఎరికాకి 24. ఒక కూతురు. మనలాంటి మామూలు మనిషి, మీటింగుల్లో పెరిగిన పిల్ల కాదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఏం చేసిందో వినండి. ప్రతి మంగళవారం, ప్రతి గురువారం స్టాటెన్ ఐలాండ్‌లో ఊరేగింపు. వారానికి రెండుసార్లు, ఏడాది పాటు. ఊరేగింపంటే వేలమంది అనుకోకండి. పెద్ద జనమొచ్చేది టీవీ వాళ్లున్నప్పుడే కదా. మిగతా రోజుల్లో కొందరే, చలిలో. నాన్న పడిపోయిన పేవ్‌మెంట్ మీద, సరిగ్గా అదే చోట, వెల్లకిలా పడుకుంది ఒకరోజు. మీలో ధర్నాలు చేసినవాళ్లకి తెలుసు, ఒక్క రోజు చేసే ధర్నా కష్టమేం కాదు. వచ్చే మంగళవారం కూడా రావాలి, ఆ పై మంగళవారమూ రావాలి, అప్పటికి పేపర్లో మన సంగతి రావడం మానేసి ఉంటుంది. అదీ కష్టం.

నేను ఆ చోటు చూశాను. తిరిగి వచ్చే ముందు మా అల్లుణ్ణి అడిగాను. "అత్తయ్యా, అందరూ లిబర్టీ బొమ్మ చూపించమంటారు, మీరేంటి" అన్నాడు పాపం, తీసుకెళ్లాడు. ఎదురుగా చిన్న పార్కు. ఇటువైపు అందాల సామాన్లు, జుట్టు సామాన్లు అమ్మే కొట్టు. దాని ముందు పేవ్‌మెంట్. అంతే. నేను మనసులో కొలత వేశాను, నర్సుని కదా, ఏ చోటు చూసినా మంచం పడుతుందా అని చూస్తాను. కాన్పు బల్ల ఒకటి పడుతుంది. తండ్రి చనిపోయినంత మేర, కూతురు పడుకున్నంత మేర. నా కాళ్లు చలికి కొంకర్లు పోయాయి, ఐదు నిమిషాలు నిలబడలేకపోయాను. ఆ పిల్ల అక్కడ ఏడాది తిరిగింది.

ఇంకో సంగతి. ఆ పిల్ల ఎవరికీ తలొంచే రకం కాదు. 2015 జూలైలో న్యూయార్క్ నగరం ఆ కుటుంబానికి 59 లక్షల డాలర్ల పరిహారం ఒప్పుకుంది. డబ్బొచ్చిందిగా ఇంక ఊరుకుంటుందిలే అనుకున్నారు జనం. అలా అనేవాళ్లు మనకీ తెలుసు. ఊరుకోలేదు. మేయరు తమ పార్టీ వాడే, మంచివాడే అని సర్దుకుపోలేదు, ఆయన్నీ నిలదీసింది. 2016 ఎన్నికల్లో పెద్ద పెద్ద నాయకులంతా ఒకవైపుంటే తను అధ్యక్ష పదవికి పోటీకి దిగిన బెర్నీ శాండర్స్ వైపు నిలబడింది, ఆయన ప్రచార ప్రకటనలో కూతురితో సహా కనిపించింది. ఆ ఏడాది జూలైలో అధ్యక్షుడు ఒబామాతో టీవీ వాళ్లు ఒక సభ పెట్టారు. ప్రశ్న అడగనిస్తామని పిలిచి, చివరికి తనకు మైకు ఇవ్వలేదని అందరి ముందూ కేకలేసింది. తర్వాత ఆయన వచ్చి మాట్లాడాడు. మర్యాద లేదన్నారు కొందరు. నేనైతే, వార్డులో నొప్పులు పడేవాళ్లు అరిస్తే "ఊరికే అరవకు" అని కసిరే నర్సులు గుర్తొచ్చి ఊరుకున్నాను. కసిరేవాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

మళ్లీ గర్భం. 2017 ఆగస్టులో మగపిల్లాడు. తాత పేరే పెట్టుకుంది, ఎరిక్ అని. మనకీ ఉందిగా ఇది. మా నాన్న పేరు మా తమ్ముడి కొడుక్కి పెట్టారు. మా అమ్మ బతికున్నంత కాలం వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు, "చిన్నోడా" అనే పిలిచింది. వాడేం అల్లరి చేసినా మా నాన్న పేరు పెట్టి ఎట్టా తిట్టేది అనేది. ఆ పిల్ల అయితే ఆ పేరు రోజూ పిలిచే ఉంటుంది. వీధుల్లో అట్టల మీద రాసుకుని మూడేళ్లు మోసిన పేరు, ఉయ్యాల్లోకి వంగి పిలవడం ఎలా ఉంటుందో. అదొక్కటే ఆ పిల్లని అడగాలనిపిస్తుంది నాకు.

ఇక ఇక్కడినుంచి నర్సుగా మాట్లాడతాను. ఆశా అమ్మాయిలు జాగ్రత్తగా వినండి.

ఆ కాన్పు తర్వాత ఎరికాకి ఒకసారి గుండెపోటు వచ్చిందనీ, గుండె పెరిగి ఉందని డాక్టర్లు చూశారనీ ఆ పిల్ల తల్లి పేపర్ల వాళ్లతో చెప్పింది. కాస్త నెమ్మదించవే, విశ్రాంతి తీసుకోవే అని రోజూ చెబుతూనే ఉన్నానందావిడ. డిసెంబర్లో, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, ఉబ్బసం తిరగబెట్టింది, అది గుండె మీదికి వచ్చింది. బ్రూక్లిన్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా వారం. ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింది. 30వ తేదీన పోయింది. తండ్రీ కూతురూ ఇద్దరూ ఊపిరి దగ్గరే.

అంతకు మూడు వారాల ముందు ఒక ఇంటర్వ్యూ ఇచ్చింది. అందులో తన గురించి కాదు, ముందు ఇంకొకావిడ గురించి మొదలుపెట్టింది. కాలీఫ్ బ్రౌడర్ అని పదహారేళ్ల పిల్లాడు, 2010లో బ్యాగు దొంగిలించాడని పట్టుకుంటే, విచారణ లేకుండా మూడేళ్లు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక 2015లో ఉరేసుకున్నాడు. అతని కోసం కోర్టుల చుట్టూ తిరిగిన తల్లి ఆ మరుసటి ఏడాది గుండె జబ్బుతో పోయింది. ఆ తల్లి కొడుకు కోసం కొట్లాడి కొట్లాడి గుండె పగిలి పోయింది, నాకూ ఇప్పుడు అట్లాగే ఉంది, ఈ ఒత్తిడి నావల్ల కావడం లేదు, ఈ వ్యవస్థ మనిషిని ఇంక గెలవలేనంత దాకా కొట్టి పడేస్తుంది అని, ఆ అర్థం వచ్చేట్టు మాట్లాడింది. చనిపోయాక ఆ మాటలు అందరూ పంచుకున్నారు. గుండెపోటు కాదు, న్యాయం దొరక్క అంతకుముందే పగిలిన గుండె అని సంతాపంలో పెద్దాయన ఒకరన్నారు. జనవరి 8న హార్లెంలో చర్చిలో సాగనంపారు. టీవీలో చూశాను.

నాకు ఆ పగిలిన గుండె మాట కాస్త ఇబ్బందిగా ఉంటుంది. తప్పు అని కాదు. కానీ గుండె పగిలింది అనేస్తే అదొక పాట అయిపోతుంది, ఇక ఎవరూ బీపీ చూడరు.

ఏం జరుగుతుందంటే, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఆ బరువంతా లాగేది గుండే. కాన్పయ్యాక రక్తం మళ్లీ తన లెక్కకి వచ్చేదాకా ఆ గుండె సద్దుకుంటూ ఉంటుంది. కొంతమందికి కాన్పుకి నెల ముందు నుంచి కాన్పయ్యాక ఐదు నెలల దాకా గుండె కండ బలహీనపడి సాగిపోతుంది. దానికి పెద్ద పేరుంది, పెరిపార్టమ్ కార్డియోమయోపతి. మీరు బట్టీ పట్టక్కర్లేదు. ఎరికాకి వచ్చింది అదే అని నేను చెప్పడం లేదు, అది డాక్టర్ల పని. ఐదు నెలల దాకా అన్న మాట ఒక్కటి పట్టుకోండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నేను ఒక చోట పనిచేసేటప్పుడు, ఏ ఊరో వద్దు, మూడు నెలల బాలింత ఒకామె వచ్చింది. పొడిదగ్గు, ఆయాసం. ఓపీ రద్దీగా ఉంది. నేను కళ్ల కింద రెప్ప లాగి చూసి, "రక్తం తక్కువుందమ్మా, బాలింతలకి ఆయాసం మామూలే, ఐరన్ మాత్రలు వేసుకో" అని, దగ్గుమందు ఇప్పించి పంపాను. వారం తర్వాత వాళ్లాయన ఆటోలో పడుకోబెట్టి తెచ్చాడు. పడుకోబెట్టి అంటున్నాను గానీ, పడుకోలేకపోతోంది. కూర్చునే ఉంది, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. కాలు నొక్కితే నా బొటనవేలు దిగినంత గుంట. పెద్దాసుపత్రికి పంపారు, అక్కడ ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తే గుండె పెరిగి ఉంది. బతికింది. మళ్లీ కాన్పు వద్దన్నారు.

రెండేళ్ల తర్వాత కూరగాయల మార్కెట్లో కనిపించింది. వంకాయలు ఏరుకుంటున్నాను, పక్కన వచ్చి నిలబడి, "సిస్టరమ్మా, బాలింతలకి ఆయాసం మామూలేనన్నావుగా?" అంది. నవ్వుతూనే అంది. నేను వంకాయలు తక్కెట్లో పెట్టకుండానే వచ్చేశాను.

అందుకే ఆశా అమ్మాయిలకి చెబుతున్నాను. ఆయాసం ఉందా అని అడక్కండి. ఉందనే అంటారు, బాలింత ఎవరైనా అంటుంది. లేకపోతే లేదంటుంది, అత్తగారు పక్కనుంటే. "రాత్రిపూట ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?" అని అడగండి. ఒకటి కాస్తా రెండయ్యిందా, రెండు మూడయ్యాయా? "నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటున్నావా?" అని అడగండి. పిల్లాడు ఏడ్చి లేపాడా, పిల్లాడు నిద్రపోతుండగా తనే లేచిందా, ఆ తేడా పట్టుకోండి. కాలు మీద వేలు పెట్టి నొక్కండి. పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే తగ్గుతుందా అడగండి. ఇందులో ఏ ఒక్కటున్నా కాయం తినిపిస్తూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి పంపండి, ఎకో తియ్యమని అడగమనండి.

మరి మనం ఎన్నాళ్లు అడుగుతున్నాం? ఆసుపత్రిలో కాన్పయితే మీరు ఇంటికి వెళ్లేది మూడో రోజు, ఏడో రోజు, పధ్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ఆఖరికి నలభై రెండో రోజు. తర్వాత మళ్లీ మూడో నెల నుంచి మూడేసి నెలలకి ఒకసారి వెళతారు. అది ఎవరి కోసం? పిల్లాడి కోసం. బరువు, టీకాలు, అన్నం పెడుతున్నారా లేదా. మీ తప్పేం లేదు, ఫారంలో ఉన్నదే మీరు రాస్తారు. ఫారంలో నలభై రెండో రోజు తర్వాత తల్లి ఉండదు.

ఇది మన దేశం ఒక్కదాని లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కూడా మాతృ మరణం అంటే గర్భంతో ఉండగా, లేదా కాన్పయిన 42 రోజుల్లోపల. గర్భసంచి మామూలు సైజుకి రావడానికి ఆరు వారాలు, ఆ లెక్క. ఆ పైన ఏడాది లోపు పోతే దాన్ని విడిగా, ఆలస్య మరణం కింద రాస్తారు. మన పెద్దవాళ్లూ నలభై రోజులకి మైల తీసి, తలకి పోసి, బావిలో చేద వేయించి పనిలోకి దింపేవాళ్లు. నలభై మన వాళ్లది, నలభై రెండు డాక్టర్లది. ఎరికా లాంటి మనిషి, కాన్పయిన నాలుగు నెలలకి పోతే, ఆ లెక్కలో తల్లి కాదు.

అమెరికాలో పేదవాళ్లకి మెడికెయిడ్ అని ప్రభుత్వ బీమా ఉంది. కాన్పు అయిన 60 రోజులకి బాలింతకి అది ఆగిపోయేది. 2021లో చట్టం మార్చి, రాష్ట్రాలు ఏడాది దాకా ఇవ్వొచ్చన్నారు. ఎరికా పోయి మూడేళ్లు దాటాక. ఆ దేశంలో కాన్పు వల్ల చనిపోయే నల్లజాతి ఆడవాళ్లు, తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. పేదరికం వల్లే అనుకుంటారా? సెరెనా విలియమ్స్ పేరు తెలుసుగా, టెన్నిస్ ఆవిడ. 2017 సెప్టెంబర్ 1న కూతుర్ని కన్నది. ఎరికా కన్న మరుసటి నెలే. మర్నాడు ఊపిరాడటం లేదు, నాకు అంతకుముందు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలొచ్చాయి, స్కాన్ తియ్యండి అని ఆవిడే చెబితే, నొప్పి మందులకి తికమకపడుతోందేమో అనుకుందట నర్సు. పట్టుబట్టి తీయిస్తే గడ్డలు బయటపడ్డాయి. డబ్బుకి లోటు లేదు, పేరుకి లోటు లేదు. మాట నమ్మడమే లోటు. ఆ నర్సు స్థానంలో నేనుంటే ఏం అనేదాన్నో మీకు ఇందాకే చెప్పాను.

ఆర్లీన్ జెరోనిమస్ అని ప్రజారోగ్యం చదివినావిడ, 1990ల మొదట్లోనే ఒక మాట చెప్పింది. ఎండకీ వానకీ రాయి అరిగినట్టు, రోజూ తక్కువ చూపుకీ భయానికీ నల్లజాతి ఆడవాళ్ల ఒళ్లు వయసుకి ముందే అరిగిపోతుందని. మన పల్లెల్లో దీనికి శాస్త్రం అక్కర్లేదు, మాల పల్లెలో ముప్పై ఏళ్ల కూలి మనిషి వయసెంతో చెప్పమంటే యాభై అని చెప్పేవాళ్లు మా వార్డులో కేసు షీటు రాసేవాళ్లు. నేనూ రాశాను.

మన సంఘానికీ ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. 2023 డిసెంబర్లో అంగన్వాడీల సమ్మె మీ అందరికీ గుర్తుంది. సరిగ్గా 42 రోజులు నడిచింది. ఆ సంఖ్య అలా కలవడం కాకతాళీయమే, కానీ నాకు మాత్రం ఒకటి గుర్తొస్తే రెండోది గుర్తొస్తుంది. సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా లేవలేదు మీరు. నేను శిబిరానికి రెండుసార్లు వచ్చాను. టెంటు రాటకీ రాటకీ మధ్య చీరతో ఉయ్యాల కట్టి ఉంది, అందులో పసిగుడ్డు. ఆ తల్లి ముందు వరసలో కూర్చుని నినాదాలిస్తోంది, గొంతు బొంగురుపోయింది. అందరం ఆ ఉయ్యాల ఫొటో తీసుకున్నాం. చూడండి మన పట్టుదల అని గ్రూపుల్లో పెట్టుకున్నాం. నేనూ తీశాను. నీకు ఎన్నో నెలమ్మా, మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా, రాత్రి పడుకుంటున్నావా అని మాత్రం ఎవరం అడగలేదు. సంఘంలో బలంగా మాట్లాడే మనిషంటే మనకి ఒళ్లు కూడా బలంగానే ఉంటుందని ఒక నమ్మకం.

ఎరికా చుట్టూ కూడా మనుషులున్నారు, ప్రేమించేవాళ్లు ఉన్నారు, తల్లి రోజూ చెబుతూనే ఉంది. కానీ ఆ పిల్ల కాస్త ఆగుదామంటే ఆ మంగళవారం ఎవరు వెళ్లాలి? కేంద్ర ప్రభుత్వం తరఫున కేసు పెట్టాలా వద్దా అన్న సంగతి ఇంకా ఢిల్లీలాంటి వాళ్ల పెద్ద ఊళ్లో, వాషింగ్టన్లో, ఫైళ్లలో ఉంది. మనం అడగడం మానేస్తే వాళ్లు మూసేస్తారని ఆ పిల్లకి తెలుసు. 2019 జూలై 16న నిజంగానే మూసేశారు, ఇక కేసు పెట్టేది లేదని. మర్నాటికి గార్నర్ పోయి ఐదేళ్లు, గడువు తీరిపోతుంది, ఒక్క రోజు ముందు చెప్పారు. ఆ పోలీసుని ఉద్యోగంలోంచి తీసేసింది 2019 ఆగస్టు 19న. ఐదేళ్లు జీతం తిన్నాక. మెడ బిగించి మనిషి ప్రాణం తీస్తే అది నేరమని న్యూయార్క్ రాష్ట్రం ఎరిక్ గార్నర్ పేరుతో చట్టం చేసింది 2020 జూన్‌లో. దానికి మినియాపొలిస్‌లో ఇంకొకాయన, జార్జ్ ఫ్లాయిడ్, ఊపిరాడటం లేదన్న అదే మాట అంటూ పోలీసు చేతిలో చచ్చిపోవాల్సి వచ్చింది. ఇందులో ఒక్కటీ ఆ పిల్ల చూడలేదు.

ఆ రాత్రి టీవీ కట్టేశాక, మా అమ్మాయి గదిలోకి వెళ్లాను. పడుకుని ఉంది. దుప్పటి తీసి కాలు నొక్కి చూశాను. "ఏంటమ్మా?" అంది. "ఏం లేదులే, పడుకో" అన్నాను. తల కింద దిండు ఒకటే ఉంది. నలభై రోజులు దగ్గరుండి చూసుకున్నాను, చెవుల్లో దూది పెట్టాను, నడికట్టు కట్టాను, సాంబ్రాణి పొగ వేశాను, ఆ తర్వాత రెండున్నర నెలలు దాన్ని పిల్లాడి తల్లిగానే చూశాను. నా కూతురు ఎట్లా ఉందో చూడలేదు. ముప్పై రెండేళ్ల సర్వీసు నాది.

టైమైపోయిందని అధ్యక్షురాలు చీటీ పంపారు. సరే. నేను సంచీలో బీపీ మిషన్ తెచ్చాను, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరూ తెచ్చాను. ఏడాది లోపు పిల్లలున్నవాళ్లు ఎవరూ భోజనాల లైన్లోకి వెళ్లకండి, ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. కాఫీ తాగి వచ్చినవాళ్లు ఓ అరగంట ఆగండి, బీపీ ఎక్కువ చూపిస్తుంది. ముందు ఆ గోడ పక్కన కూర్చున్న అమ్మాయి. పిల్లాణ్ణి పక్కావిడకి ఇచ్చి రా తల్లీ. ఎన్నో నెల వాడికి?